ఇంకొకరి గొంతు

"చెయ్యి చెంప దాకా వెళ్తుంది, తగలదు. చప్పుడు మేం తర్వాత కలుపుకుంటాం" అని పొద్దున డైరెక్టర్ ప్రేమ్‌కుమార్ చెప్పాడు. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి ఆ మాట ఎటో పోయింది.

ఎల్లారెడ్డిలో బస్టాండు వెనక రెండంతస్తుల ఇల్లొకటి షూటింగుకు తీసుకున్నారు. తీస్తున్న వెబ్ సిరీస్‌లో వినీత మంత్రిగారి కూతురు, రాక్ పాటలు పాడే కూతురు. రాజశ్రీ ఆ ఇంటి పనిమనిషి. ఆమె చాయ్ తెస్తూ గిటారు మీద ఒలకబోయాలి. వినీత ఆమె చెంప మీద కొట్టాలి. ఆమె ట్రేతో సహా కింద పడి "తప్పయింది దొరసానీ" అనాలి. చూసేవాళ్ళు నవ్వాలి.

వినీతకు యాక్టింగు కొత్త, పాట కొత్త కాదు. కామారెడ్డిలో మోటారు వైండింగు దుకాణం మీది గదిలో ఆమె బ్యాండు సాధన చేస్తుంది. కాలేజీ ఫంక్షన్లలో, పెండ్లి బరాత్‌లలో ఆమె మైకు పట్టుకుంటే కూర్చున్నవాళ్ళు కూర్చోలేరు. ఆ గొంతు ఫోన్లో విని ప్రేమ్‌కుమార్ హైదరాబాదు నుంచి వెతుక్కుంటూ వచ్చాడు. "నాకు ఈ మంటే కావాలి" అన్నాడు.

మొదటిసారి ఆమె చెయ్యి రాజశ్రీ చెంపకు జానెడు దూరం నుంచే పోయింది. రెండోసారి రాజశ్రీ ముందే తల తిప్పేసింది. మూడోసారి మబ్బు అడ్డమొచ్చి వెలుగు మారింది. ప్రేమ్‌కుమార్ కుర్చీలోంచి లేచి వచ్చి, వినీత చెవి దగ్గర నోరు పెట్టి, "ఒక్కటి నిజంగా వేసెయ్, అయిపోతుంది. ఆవిడ సీనియర్, ఏమీ అనుకోరు" అన్నాడు.

రాజశ్రీకి వినబడింది. యాభై దాటిన మనిషి, మహారాష్ట్ర సరిహద్దున ఉన్న బిచ్కుంద నుంచి వచ్చింది. సంతల్లో, జాతరల్లో నాటకాలు ఆడిన మనిషి. కొంగు నడుముకు గట్టిగా దోపుకుని, "కొట్టు బిడ్డా, ఏం గాదు" అంది.

వినీత కొట్టింది.

అయిపోలేదు. ట్రే ముందే పడిందన్నారు. ఫోకస్ పోయిందన్నారు. పడేటప్పుడు కాళ్ళు కెమెరా వైపు వస్తే ఇంకా నవ్వొస్తుందన్నారు. ప్రతిసారీ మేకప్ అతను వచ్చి రాజశ్రీ చెంప ఎరుపు మీద పౌడరు అద్దాడు. మధ్యలో ఆమె బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, చల్లటి నీళ్ళ స్టీలు గ్లాసు చెంపకు ఆనించుకుంది. ప్రహరీ మీద జనం ఎక్కి కూర్చున్నారు. వినీతది ఆ ఊరే, వాళ్ళలో ఆమె వాడకట్టు వాళ్ళు కూడా ఉన్నారు. ఆమె అరచెయ్యి మండుతోంది. దాన్ని ప్యాంటుకు రాస్తూ, "సార్, ఇగ చాలు సార్" అంది. ఆ మాట తనకే సరిగ్గా వినబడలేదు. మైదానం చివర నిలబడ్డవాళ్ళకు కూడా మైకు లేకుండా వినిపించే గొంతు అది.

"లాస్ట్ వన్" అన్నాడు ప్రేమ్‌కుమార్.

ఆ చివరిసారి రాజశ్రీ వాళ్ళు కోరుకున్నట్టే పడింది. ట్రే దొర్లుకుంటూ మెట్ల దాకా పోయింది. ఆమె మోచేతి మీద లేచి, వినీతను చూస్తూ ఏదో అంది. యూనిట్ అంతా పగలబడి నవ్వింది. జనరేటరు మోతలో, ఆ నవ్వులో వినీతకు ఆమె మాట అందలేదు. పెదవులు కదలడం మాత్రం కనిపించింది.

"సూపర్" అన్నాడు ప్రేమ్‌కుమార్. అందరూ అన్నానికి పోయారు.

సాయంత్రం వినీత ఇంటికి వెళ్ళేసరికి తల్లి ఈరవ్వ వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తడిపిన తునికాకు మీద కొలత రేకు పెట్టి కత్తెరతో అంచులు కోసి, చిటికెడు తంబాకు పరిచి చుట్టి, దారం బిగించి, మూతి మలిచి చాటలో వేస్తోంది. తలెత్తలేదు.

"కొట్టినవంట" అంది.

"యాక్టింగ్ అవ్వా."

"తాకలేదా?"

"తాకింది."

ఇంకో ఆకు తీసింది. "కొట్టినంక ఆమె అన్నం తిన్నదా?"

వినీత చెప్పులు విడుస్తూ ఆగింది. "తెల్వదు."

"అడగలేదా?"

"లేదు." ఆమెకు ఒక్కసారిగా కోపం వచ్చింది. "నన్నేం జెయ్యమంటవ్? డైరెక్టర్ చెప్పిండు, చేసిన. నేను మధ్యల ఆపితే ఇంకోదాన్ని తెచ్చుకుంటడు. ఇన్నేండ్లు బరాత్‌ల ఎన్క ట్రాక్టర్ మీద నిలబడి పాడిన. ఒక్కడు పిలిచిండు."

"నేనేమన్న జెయ్యమన్ననా బిడ్డా? అడిగిన, అంతే."

ఈరవ్వ వేళ్ళు ఆగలేదు. వినీత లోపలికి పోయి పంపు కింద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. మంట ఎప్పుడో పోయింది. అయినా చెయ్యి తీయబుద్ధి కాలేదు.

మర్నాడు కామారెడ్డిలో డబ్బింగు. టీజరు తొందరగా విడుదల చెయ్యాలని, స్టేషన్ రోడ్డులో పెండ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో ఒకటి రెండు రోజులకు తీసుకున్నారు. బ్యాండులో డ్రమ్స్ వాయించే హనుమాండ్లు వినీతను బండి మీద తెచ్చి దింపాడు. మరుసటి రోజు ఎల్లారెడ్డిలో జరగాల్సిన పాట షూటింగుకు అతని డ్రమ్సే కిరాయికి తీసుకున్నారు. వాయించడానికి మాత్రం హైదరాబాదు నుంచి ఒక అబ్బాయిని తెచ్చారు. ఆ అబ్బాయికి కర్రలు పట్టుకోవడం కూడా రాదు. హనుమాండ్లు ఆ సంగతి ఎత్తడు. ఎత్తితే ఆగడని వినీతకు తెలుసు.

మెట్ల మీద రాజశ్రీ కూర్చుని ఉంది. ఇస్త్రీ చేసిన చీర, తలలో పూలు. బిచ్కుంద నుంచి మొదటి బస్సుకే వచ్చేసిందట. ఎడమ చెంప ఇంకా కొంచెం ఉబ్బే ఉంది.

వినీత ఒక మెట్టు కింద ఆగింది. "పెద్దమ్మా, తిన్నవా?" అంది.

"తిన్న. నువ్వు పోయి కానియ్యి. నన్ను పిలుస్తరంట." రాజశ్రీ నవ్వింది. "ఇన్ని సినిమాలల్ల నిలబడ్డ. గుంపుల నిలబడుడు, గంప పట్టుకొని నిలబడుడు. మాట ఇచ్చింది ఇదొక్కటే. మావోళ్ళకు చెప్పిన, నా గొంతు ఇనుర్రి అని."

లోపల ఏసీ పెట్టిన గదిలో ప్రేమ్‌కుమార్, సౌండు చూసే వనజ ఉన్నారు. వనజ ఆ ఊరి పిల్లే. ప్రేమ్‌కుమార్ మంచి హుషారు మీద ఉన్నాడు. "ముందు చూడు, తర్వాత మాట్లాడు" అని తెర మీద టీజరు పెట్టించాడు.

తెర మీద వినీత మొహం వచ్చింది. మెట్లు దిగుతోంది, తండ్రితో గొడవ పడుతోంది, మైకు పట్టుకుంటోంది. నోరు తెరిచింది. అందులోంచి ఎవరిదో గొంతు వచ్చింది. మెత్తగా, ఒత్తులన్నీ సరిగ్గా పలుకుతూ, టీవీలో చీరల ప్రకటన చదివే మనిషిలా ఉంది. తర్వాత పాట.

అది వినీత పాట. తల్లి పక్కన కూర్చుని ఆకులు కోస్తూ కట్టుకున్న పాట. ప్రేమ్‌కుమార్ ఫోన్లో విని వెతుక్కుంటూ వచ్చింది ఆ పాటనే.

*ఆకు కత్తిరించినట్టు మాట కత్తిరిస్తరా*
*అంచు అంచు కోసి నన్ను చిన్న జేస్తరా*

తెర మీది గొంతు "కత్తిరిస్తారా" అని పాడింది. "చిన్న చేస్తారా" అని పాడింది. ప్రతి దీర్ఘాన్నీ ముద్దుగా సాగదీసింది.

"ఎవరామె?" అంది వినీత.

"హైదరాబాద్‌లో చేయించాం. చూడు, నువ్వు ఫీలవ్వకు. నీ మొహం కెమెరాకు అద్భుతంగా ఉంది. గొంతు కొంచెం గరుకు. మంత్రి కూతురు అలా మాట్లాడదు కదా. పాట కూడా అందరికీ వెళ్ళాలి, ఒక్క మన జిల్లాకే కాదు."

"నా గొంతు ఇనే వచ్చిన అన్నవు గదా సార్."

"వచ్చాను. వృథా పోనివ్వను." అతను నిజంగానే శుభవార్త చెబుతున్నట్టు ముందుకు వంగాడు. "రాజశ్రీ గారి పాత్రకు నువ్వు చెప్తున్నావు. ఆవిడ మాటలో మరాఠీ వాసన వస్తుంది, కామెడీ పండదు. నీ యాస పనిమనిషికి సరిగ్గా సరిపోతుంది. వెళ్ళేటప్పుడు ఆవిడకు నువ్వే ఓ మాట చెప్పెయ్. మీరు మీరు ఒకటి కాబట్టి బాధపడదు."

వినీత కుర్చీ చేతిని పట్టుకుంది. అరిస్తే ఆ గది అద్దం పగిలేది. ఆమె అరవలేదు. బయటకు పోదామని లేచింది కానీ, వనజ అప్పటికే హెడ్‌ఫోన్స్ చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఆమె కళ్ళలోకి చూడకుండా, "అక్కా, షూటింగుల రికార్డయిన అసలు సౌండ్ వినిపిస్త. ఒక్కసారి ఇను" అంది. గొంతు తగ్గించి మళ్ళీ అంది, "ఇని పో."

వినీత అద్దం అవతల చిన్న గదిలోకి వెళ్ళింది. తెర మీద తన చెయ్యి లేచింది. హెడ్‌ఫోన్స్‌లో దెబ్బ టప్పున పేలింది. ట్రే మోగింది. నవ్వులు. ఆ నవ్వుల కింద, రాజశ్రీ కొంగుకు కట్టిన చిన్న మైకు పట్టుకున్న మాట, మెల్లగా, స్పష్టంగా వచ్చింది.

"చెయ్యి నొస్తుందా బిడ్డా?"

మళ్ళీ పెట్టమని వినీత వేలితో సైగ చేసింది. వనజ మళ్ళీ పెట్టింది. తెర మీద మోచేతి మీద లేచిన మనిషి, చెంప మీద వేళ్ళ అచ్చులున్న మనిషి, కొట్టినదాన్ని అడుగుతోంది. ఆ అడగడంలో యాక్టింగు లేదు. వినీత హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, గది దాటి మెట్ల మీదికి వచ్చింది.

రాజశ్రీ, హనుమాండ్లు మెట్ల మీద చాయ్ తాగుతున్నారు. "నన్ను పిలిచిండ్రా?" అని రాజశ్రీ కొంగు సర్దుకుంటూ లేవబోయింది.

వినీత దాచలేదు. తన గొంతు తీసేసిన సంగతి, రాజశ్రీ గొంతు తనను చెప్పమన్న సంగతి నిలబడే చెప్పింది.

హనుమాండ్లు చాయ్ గ్లాసు మెట్టు మీద పెట్టాడు. "పదా, పోదాం. రేపు పాటకు రానని చెప్పు. క్రేను తెచ్చుకున్నడు, జనాన్ని పిలుచుకున్నడు. ఎట్ల తీస్తడో చూద్దాం. నీ పాటకు ఇంకోదాని గొంతు, నా డ్రమ్ముల మీద ఇంకోని చేతులు. మనమెందుకిగ?"

రాజశ్రీ మాత్రం కూర్చుండిపోయింది. "నువ్వు మానేస్తే నా సీను గూడ పోతది గదా?" అంది. అడిగినట్టు కాదు, తనలో తాను లెక్క చూసుకున్నట్టు. తర్వాత తల ఊపింది. "పోనీ బిడ్డా. మానెయ్. గొంతు గుంజుకున్నంక ఆడ ఉండుడెందుకు? నా గురించి సూడకు. నేను మల్ల గుంపుల నిలబడ్త, అలవాటే."

ఆమె తలలోంచి ఒక పూరేకు భుజం మీద రాలింది. తుడుచుకోలేదు. వినీత ఆమెను చూస్తూ నిలబడింది. మానేస్తానన్న మాట నోటి దాకా వచ్చి ఉంది. అనేస్తే హాయిగా ఉండేది. అనేసి బండెక్కి పోతే, ఈమె ఈ చీరతో, ఈ పూలతో బిచ్కుంద బస్సు కోసం నిలబడుతుంది.

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళింది.

"సార్, పెద్దమ్మది పెద్దమ్మే చెప్తది. నేను చెప్ప. దానికి ఒప్పుకుంటే రేపు పాటకు వస్త. మీరు పెట్టిన గొంతుకే నోరాడిస్త. ఒప్పుకోకుంటే రాను."

ప్రేమ్‌కుమార్ వినీత నుంచి ఇంకా పెద్ద గొడవకు సిద్ధమై ఉన్నాడు. ఇంత చవగ్గా తేలిపోతుందనుకోలేదు. "అంతేనా? అలాగే. పిలువు."

వినీత మెట్ల మీదికి వచ్చి, "నీది నువ్వే చెప్పాలె, రా" అంది. "ఏమైంది? ఏమని ఒప్పించినవ్?" అని రాజశ్రీ అడిగింది. వినీత ఆమెను చెయ్యి పట్టుకుని చిన్న గదిలోకి తీసుకుపోయి, మైకు ఎత్తు సరిచేసి, ఎర్ర దీపం వెలిగినప్పుడు మాట్లాడాలని చెప్పి, అద్దం ఇవతలికి వచ్చింది.

రాజశ్రీ మొదట "తప్పయింది దొరసానీ" అంది. తెర మీది పెదవులు వేరేలా కదిలాయి. మళ్ళీ అంది. కలవలేదు.

"నేను వేరే అన్ననేమో నిన్న" అంది మైకులో, సిగ్గుపడుతూ. "యాదికి లేదు."

వనజ అసలు సౌండు ఆమెకు వినిపించింది. రాజశ్రీ తల వంచుకుని విన్నది. ఎర్ర దీపం వెలిగింది. ఈసారి ఆమె అదే మాట చెప్పింది. పెదవులు అచ్చంగా కలిశాయి. వనజ నవ్వులు తీసేసి, దెబ్బను, ఆ మాటను మాత్రం కలిపి మళ్ళీ ఆడించింది. ప్రేమ్‌కుమార్ తెర వైపు వంగాడు. "డైలాగ్ అది కాదు" అన్నాడు.

"పెదవులకు అదే కలుస్తది సార్" అంది వనజ.

"ఇందులో నవ్వేముంది ఇంక?"

అతను ఫోను తీసుకుని బయటకు నడిచాడు. "ఉంచండి. చూద్దాం."

మరునాడు ఎల్లారెడ్డిలో పాట. బడి మైదానంలో వేదిక కట్టారు. పొద్దున్నుంచే ఊరంతా వచ్చింది. జనాన్ని వేదికకు దూరంగా ఆపడానికి అడ్డంగా లావు తాడు కట్టి, నల్లబట్టల బౌన్సర్లను నిలబెట్టారు. బీడీల చాటలు ఇంట్లో వదిలి ఆడవాళ్ళు కొంగులు నెత్తిన కప్పుకుని తాడు దగ్గర నిలబడ్డారు. వాళ్ళలో ఈరవ్వ ఉంది. పాటకు రాజశ్రీ పని లేదు. అయినా వచ్చి, ఈరవ్వ పక్కన నిలబడింది.

స్పీకర్లలోంచి ఆ మెత్తటి గొంతు వచ్చింది. వినీత నోరాడించింది. మాట ఇచ్చింది కాబట్టి ఒక్క పదం తప్పకుండా ఆడించింది. "కత్తిరిస్తారా" దగ్గర పెదవులు సాగదీసింది. "చిన్న చేస్తారా" దగ్గర నవ్వమంటే నవ్వింది. వెనక హైదరాబాదు అబ్బాయి హనుమాండ్లు డ్రమ్ముల మీద, చప్పుడు రాకుండా బట్ట పరిచి, కర్రలు ఊపాడు. పాడకుండా పాడటం ఇంత నొప్పని ఆమెకు తెలియదు. తాడు దగ్గర ఆడవాళ్ళు మొదట్లో చప్పట్లు కొట్టారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ పాట వాళ్ళు ఆమె నోట ఎన్నిసార్లు విన్నారో.

మధ్యాహ్నానికి షాట్లన్నీ అయ్యాయి. ప్రేమ్‌కుమార్ వచ్చి భుజం తట్టాడు. "ప్రొఫెషనల్ అంటే ఇది. థాంక్యూ." యూనిట్ ప్లేట్లు పట్టుకుని షామియానా కిందికి పోయింది. హైదరాబాదు అబ్బాయి దిగిపోయాడు. హనుమాండ్లు తన డ్రమ్ములు విప్పుకోవడానికి వేదిక ఎక్కాడు. బట్ట తీసి మడిచాడు. మొదటి నట్టు మీద చెయ్యి వేసి, ఆగి, వినీత వైపు చూశాడు.

వినీత ఇంకా అక్కడే నిలబడి ఉంది. చేతిలో మైకు షూటింగు కోసం పెట్టిందే, కానీ దాని తీగ స్పీకర్లకు కలిపే ఉంది, జనరేటరు నడుస్తోంది. వేలితో తట్టి చూసింది. మైదానమంతా డబ్ డబ్ అంది.

"అన్నా" అంది. "కూసో."

హనుమాండ్లు కూర్చున్నాడు. కర్రలు పైకెత్తి, నాలుగుసార్లు ఒకదాన్నొకటి కొట్టి, డ్రమ్ము మీద పడ్డాడు. రెండు రోజుల కోపం ఆ చేతుల్లో ఉంది. షామియానా కింద ప్లేట్లు పట్టుకున్నవాళ్ళు ఉలిక్కిపడి తిరిగారు. వినీత కళ్ళు మూసుకోలేదు. జనాన్నే చూస్తూ అందుకుంది.

*ఆకు కత్తిరించినట్టు మాట కత్తిరిస్తరా*

గొంతు మొదట బొంగురుగా వచ్చి, రెండో పంక్తికి చిరిగి, మూడో పంక్తికి మండింది. తాడు దగ్గర కేక లేచింది. ఫోన్లు లేచాయి. షూటింగు బట్టల్లోనే, షూటింగు వేదిక మీదే, ఆమె మొహంలోంచి ఆమె గొంతు వస్తోంది. ప్రేమ్‌కుమార్ ప్లేటు ఎవరి చేతిలోనో పెట్టి పరుగెత్తుకొచ్చాడు. "ఫోన్లు ఆపించండి. టీజర్ రాకముందే ఇది బయటకు పోతే ఎట్లా? వినీతా, ఆపు." ఆమె ఆపలేదు. అతను జనరేటరు వైపు తిరిగి చెయ్యి ఊపాడు.

జనరేటరు ఆగింది. స్పీకర్లు చచ్చాయి. మైకు చేతిలో చచ్చిన చేపలా చల్లబడింది. వినీత దాన్ని వేదిక మీద పెట్టేసి, అంచు దాకా నడిచి, ఉత్త గొంతుతో పాట కొనసాగించింది. హనుమాండ్లు కర్రలు వదిలేసి, ఆమె మాట మునగకుండా అరచేతులతో వాయించాడు. ఎండ, గాలి, పక్క రోడ్డు మీది లారీల మోత, అప్పటికే చిరిగిన గొంతు. పాట సగమే తాడు దాకా పోతోంది.

వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు నెట్టారు. బౌన్సర్ చేతులు చాచి, "ఎనకకు జరుగు అవ్వా, ఈడికే ఉండాలె" అన్నాడు.

ఈరవ్వ అతని మొహం కూడా చూడలేదు. "ఇనబడ్తలేదు" అంది. రెండు చేతులతో తాడు పైకెత్తి, కింది నుంచి వంగి అవతలికి వచ్చింది. రాజశ్రీ కోసం ఆ తాడును అట్లాగే ఎత్తి పట్టుకుంది. రాజశ్రీ వచ్చింది. వాళ్ళ వెనక ఇంకొకామె వంగింది. ఆమె వెనక ఇంకొకామె. ఈరవ్వ తాడు దించలేదు.